ఆయనకీ నాన్నకీ మాటల్లేవు

దేవుడు నాకు నాన్న స్నేహితుడిగానే తెలుసు. అంతకు మించి మా ఇద్దరికీ పరిచయం లేదు.

మా నాన్న జ్ఞానరత్నానికి స్నేహితులు ఇద్దరే. ఒకరు జగ్గారావు బాబాయి. టెల్కో కంపెనీకి ఒకే షిఫ్టు బస్సులో, ఒకే సీట్లో పక్కపక్కన కూర్చుని డ్యూటీకి వెళ్లి, ఒకే ఏడు రిటైరయ్యారు. బాబాయి రోజూ సాయంత్రం టీ వేళకి భాలుబాసాలోని మా ఇంటికి వచ్చేవాడు. రెండో స్నేహితుడు దేవుడు. ఆయనతో మాటలు పొద్దున్నే, డాబా మీద.

నాన్న చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, నీళ్ల ట్యాంకు నుంచి బట్టల తీగ దాకా, మళ్లీ తీగ నుంచి ట్యాంకు దాకా నడుస్తూ మాట్లాడేవాడు. చర్చిలో పెద్దలు ప్రార్థనకి లేవగానే గొంతులు మారతాయి, మాటలు గ్రాంథికమవుతాయి. నాన్నకి ఆ బాధ లేదు. "సూడు, జగ్గడి మోకాలు మళ్లీ వాసిందట. డాక్టరు కాడికి ఎల్లమంటే ఎల్లడు, మొండోడు. నువ్వే ఏదో ఒకటి సెయ్యి" అనేవాడు. కింద వంటింట్లోంచి మా అమ్మ త్రేసమ్మ, "ఆయనేటి మీ కంపెనీలో ఫిట్టరనుకున్నావా, మోకాళ్లు బిగించడానికి?" అని అరిచేది.

ఎవరికోసమైనా అడిగేవాడు గాని తనకోసం ఏదీ అడిగేవాడు కాదు. చిన్నప్పుడు ఒకసారి ఎందుకని అడిగాను. "స్నేహితుడి కాడ సెయ్యి సాపకూడదమ్మా. మనకేటి కావాలో ఆయనకి కనపడదేటి?" అన్నాడు. 

మా సంఘంలో నాన్నని సగం వేళాకోళంగా, సగం నిజంగా 'దేవుడి స్నేహితుడు' అనేవాళ్లు. ఆ బిరుదు మొదట అబ్రాహాముది. ఆ స్నేహితుణ్ణి దేవుడు ఏమడిగాడో ఆదివారం బడికెళ్లిన పిల్లలందరికీ తెలుసు. కొడుకుని అడిగాడు. ఆ సంగతి నాన్న దగ్గర ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. ఎత్తినా తప్పేం లేదు, ఎందుకంటే ఆ కథలో చివరికి కొడుకు బతికాడు.

ఆ ఏడు ఏప్రిల్‌లోనే ఎండలు పిచ్చెక్కించాయి. నేను పనిచేసే బడిలో పిల్లలు ముక్కుల్లోంచి రక్తం కారి పడిపోతున్నారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, కాలబైశాఖి గాలివాన కొట్టింది. వీధిలో పిల్లలు కేకలు. నాన్న డాబా మీదికి పరిగెత్తాడు. తడిసి ముద్దయిపోతూ, "బాగా సేసేవు! బాగా సేసేవు! జనం సచ్చిపోతన్నారు, సరిగ్గా యేలకి పంపేవు" అని పైకి చూసి గట్టిగా చెబుతున్నాడు.

అప్పుడే మా తమ్ముడు శామ్సన్ ఆదిత్యపూర్‌లో డ్యూటీ దిగి వచ్చి బైకు ఆపాడు. ఈ హిందీ ఊళ్లో పుట్టి పెరిగిన వాడికి తెలుగు అర్థమవుతుంది గాని నోటికొచ్చేది హిందీయే. తలెత్తి చూసి పగలబడి నవ్వాడు. "పాపా, భీగ్ జాయేంగే! నీచే ఆయియే!" తడిసిపోతారు, కిందికి రండి అని. వాడి కూతురు సింధు నాలుగేళ్లది, వాన నీళ్లలో గంతులేస్తోంది. వాడి భార్య సౌజన్య తువ్వాలు పట్టుకుని ఇద్దరి వెనకా తిరుగుతోంది. అందరం సంతోషంగా ఉన్న ఆఖరి సాయంత్రం అది.

ఖర్కాయ్ నది అవతల శామ్సన్ పనిచేసే చిన్న కార్ఖానాలో తుక్కు ఇనుము ఆరుబయటే కుప్పపోస్తారు. నాన్న థాంక్స్ చెప్పిన ఆ వానకి అది తడిసింది. మర్నాడు పొద్దున తడి ఆరకుండానే దాన్ని భట్టీలోకి ఎత్తారు. కరిగి మరుగుతున్న ఇనుములోకి నీళ్లు చేరితే అది ఆగదు, పైకి చిమ్ముతుంది. పక్కనే శామ్సన్ నిలబడి ఉన్నాడు.

*

కాలినవాళ్ల వార్డులోకి ఒక్కొక్కరినే పంపేవారు, గౌనూ టోపీ తొడిగి. వాడి ముఖానికి ఏమీ కాలేదు. మెడ కింద నుంచి మోకాళ్ల దాకా మాత్రం కట్లే. ఆ ముఖం చూసి అమ్మ మొదటిరోజు, "బాగానే ఉన్నాడు" అంటూ బయటికి వచ్చి, గోడ పట్టుకుని కూలబడింది.

నాన్న లోపలికి వెళ్లి వచ్చి, గౌను విప్పాడు. తర్వాత నాతో అన్నాడు. "ఆడేటన్నాడో తెలుసా? అప్నే దోస్త్ సే బోలియే నా పాపా, ఏక్ బార్, అన్నాడు. నీ స్నేహితుడితో ఒకపాలి సెప్పు నాన్నా అని."

శామ్సన్ నోట ఆ మాట రావడం అదే మొదలు. చర్చికి క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప వచ్చేవాడు కాదు. నాన్న డాబా మీద నడుస్తుంటే, "పాపా కీ మీటింగ్ చల్ రహీ హై" అని, నాన్న మీటింగులో ఉన్నాడని, నాకు కన్నుగీటేవాడు.

ఆ మధ్యాహ్నం నాన్న కోసం వెతుకుతూ వెళితే ఆసుపత్రి వెనక సైకిల్ స్టాండు దగ్గర కనిపించాడు. గోడవైపు తిరిగి నిలబడ్డాడు. చేతులు వెనక్కి కట్టుకోలేదు. రెండు అరచేతులూ ముందుకు చాపి ఉన్నాయి. ఎండలో చెప్పుల్లేకుండా, అలవాటు లేని పని చేస్తున్న మనిషిలా, సిగ్గుపడుతూ.

"ఎప్పుడూ అడగనేదు" అంటున్నాడు. "నీకు తెలుసు అడగనేదని. ఈ ఒక్కటీ. ఇంక పానం పోయీదాకా ఏటీ అడగను."

నేను వెనక్కి వచ్చేశాను. నాకు ఏడుపొచ్చింది. శామ్సన్ కాలిపోయినందుకు ఎంత ఏడ్చానో, నాన్న చెయ్యి చాపినందుకూ అంతే ఏడ్చాను.

జగ్గారావు బాబాయి రోజూ కుంటుకుంటూ వచ్చి వరండాలో బెంచీ మీద కూర్చునేవాడు. సాయంత్రం దాకా ఉండి, "ఎల్లొత్తాను" అని వెళ్లేవాడు. ఆయన శ్రీకూర్మం వైపు మనిషి, గుళ్లోకి కూడా ఎక్కువగా వెళ్లడు. ప్రార్థించమని ఎవరూ ఆయన్ని అడగలేదు, ఆయనా ప్రార్థిస్తానని అనలేదు.

*

మే నెల సగమయ్యేసరికి శామ్సన్ తేరుకున్నాడు. పిక్కలమీద చర్మం తీసి ఛాతీకి అతికారు, అది అంటుకుంది. పెద్ద వార్డు నుంచి పక్క గదికి మార్చారు. అమ్మ చేసే చేపల పులుసు కావాలన్నాడు. గాజుగుడ్డల్లోంచి బయటికొచ్చిన వేళ్లతో సింధుకి వీడియో కాల్‌లో టాటా చెప్పాడు. నేను ఎప్పుడూ తొందరపడి సంబరపడే మనిషిని కాదు, బడిలో నా పేరే ఎండుమిర్చి. కానీ నాకూ ఆశ పుట్టింది. పొద్దున్నే లేచి జడ వేసుకుంటూ పాట కూనిరాగం తీశాను.

ఆ ఆదివారం చర్చిలో, దేవుడు చేసిన మేళ్లు అందరికీ చెప్పుకునే సాక్ష్యాల వేళ, నాన్న లేచి నిలబడ్డాడు. అందరూ తిరిగి చూశారు. దేవుడి స్నేహితుడు ఏ ఏడూ సాక్ష్యం చెప్పలేదు. "స్నేహితుడి సంగతులు బజార్న పెడతామేటి?" అనేవాడు. ఆ రోజు మైకు పట్టుకోవడం కూడా చేతకాక కింద ఎక్కడో పట్టుకుని, "నాను మొదటిసారి ఒకటి అడిగాను. నా స్నేహితుడు నా మాట తీసెయ్యనేదు" అన్నాడు. చర్చి అంతా స్తోత్రం, స్తోత్రం అంది. "వచ్చే శనివారం మా ఇంట్లో కృతజ్ఞత కూటం. అందరూ రండి" అని కూర్చున్నాడు.

మా సంఘంలో ఇదొక అలవాటు. పని పూర్తయ్యాక కృతజ్ఞత చెబితే అది మామూలు మర్యాద. కాకముందే చెబితే విశ్వాసం. పరీక్షలు రాసిన పిల్లలకి ఫలితాలు రాకముందే కూటం పెడతారు. పెళ్లిచూపులవగానే పెడతారు. ఫలితం తారుమారైన ఇళ్లలో ఆ కూటం సంగతి మళ్లీ ఎవరూ ఎత్తరు, అదీ మర్యాదే.

ఇంటికి రాగానే అమ్మ అడ్డం తిరిగింది. "బిడ్డ ఇంటికొచ్చాక పెట్టుకుందాం. ఆడు సేతుల్తో తినాల ఆ అన్నం."

"కొట్టోడికి సరుకు సేతికొచ్చాకే సొమ్మిత్తాం. స్నేహితుడితో కూడా అలాగే ఉంటామేటి?" అన్నాడు నాన్న. "ఆయన మాట ఇచ్చాడు. నాకు తెలుసు. ముందే సెప్పాల."

నాన్న కళ్లు వెలుగుతున్నాయి. ఆ కళ్లు చూసి అమ్మ కూటానికి ఎంత బియ్యం కావాలో లెక్కపెట్టసాగింది. నేను కాగితం తెచ్చి రాశాను.

శనివారం ఆసుపత్రిలో ఎవరుండాలన్నది సమస్య అయింది. సౌజన్య తను ఉంటానంది. పాస్టరుగారి భార్య, "భార్య లేకుండా భర్త కోసం కృతజ్ఞతేంటమ్మా, నువ్వు ముందు వరసలో ఉండాలి" అని నచ్చజెప్పింది. సౌజన్య మామగారి ముఖం చూసింది. "రా తల్లీ, ఒక్క పూటే గదా" అన్నాడు నాన్న. శామ్సన్ కూడా, "జావో జావో, మైఁ ఠీక్ హూఁ" అని, తను బాగానే ఉన్నానని చెయ్యి ఊపాడు. చివరికి జగ్గారావు బాబాయి తేల్చాడు. "మీ పాటలు నాకు రావు. నాను ఇక్కడ కూకుంటాను, మీరెల్లండి."

*

ఇంటిముందు షామియానా వేశారు. టెంటుహౌసు ఎర్ర కుర్చీలు వీధి దాకా పరిచారు. లోపల గదిలో మంచాలు తీసేసి చాపలు వేశారు. సందు చివర డేగిసాలో మటన్ పులావు ఉడుకుతోంది. సౌజన్య గంజిపెట్టిన నూలు చీర కట్టుకుని ముందు వరసలో కూర్చుంది, ఒళ్లో సింధు. ఫోన్లన్నీ ఆపెయ్యమన్నారు పాస్టరుగారు. నాన్న అందరికంటే ముందు తన ఫోను తీసి, మీట నొక్కి పట్టుకుని ఆపి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పాటలయ్యాయి. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన ప్రార్థన పొడుగు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. అందరి గొంతుల మీదుగా నాన్న గొంతు వినిపిస్తోంది. "అవును ప్రభువా! అవును!"

కళ్లు మూసుకుని ఎక్కువసేపు కూర్చోవడం నాకు చేతకాదు. అందుకే నేనే చూశాను.

గుమ్మంలో పక్కింటి వరహాలమ్మగారు నిలబడి ఉంది. తలమీద కొంగు కప్పుకుంది. చేతిలో ఫోను, దాని తెర ఇంకా వెలుగుతోంది. ఆవిడది మా మతం కాదు. ప్రార్థన మధ్యలో పిలవకూడదని ఆవిడకి ఎవరు చెప్పారో, ఎంతసేపట్నుంచి అలా నిలబడిందో తెలియదు. చెప్పులు విడిచి, గడప దాటకుండా, మా అందరి మూసిన కళ్లవైపు చూస్తూ ఆగి ఉంది.

నేను లేచి చాపల మధ్యనుంచి నడిచి వెళ్లి ఆ ఫోను తీసుకున్నాను. జగ్గారావు బాబాయి. "ఎవులూ ఎత్తలేదమ్మా" అన్నాడు. "ఎవులూ ఎత్తలేదు. రత్నాన్ని తీసుకురా." అంతే. తర్వాత వినబడింది ఆయన ఊపిరి మాత్రమే.

లోపల ఆమేన్ అన్నారు. నాన్న కళ్లు తెరిచి, మొదట పైకి చూసి, తర్వాత నన్ను చూశాడు. నా చేతిలో ఉన్న ఫోను చూశాడు. ఆయన మెల్లగా వంగి, చాపమీద తెరిచి పెట్టిన పాటల పుస్తకం మూసి, గోడవారగా జరిపాడు.

*

రక్తంలోకి విషం ఎక్కిందన్నాడు డాక్టరు. పొద్దున మేం బయల్దేరిన కాసేపటికే చలి మొదలైందట. ఇలాంటి కేసుల్లో ఇది జరుగుతూనే ఉంటుందని, గంటల్లోనే అయిపోతుందని హిందీలో చాలా మంచిగా వివరించాడు. సౌజన్య ఆ నూలు చీరతోనే నేలమీద కూర్చుండిపోయింది. గంజి చీర ఆమె చుట్టూ బిరుసుగా విచ్చుకుని నిలబడింది.

కుర్చీలు తీసుకెళ్లడానికి వచ్చిన టెంటుహౌసువాడు గుమ్మంలో శవాన్ని చూసి, ఏమీ అడక్కుండా తిరిగి వెళ్లిపోయాడు. కృతజ్ఞతకి వచ్చినవాళ్లు ఏ కుర్చీల్లో కూర్చున్నారో, ఏడవడానికి వచ్చినవాళ్లు వాటిలోనే కూర్చున్నారు. చాలామంది వాళ్లే. పులావు ఏమైందని నేను అడగలేదు.

సమాధి దగ్గర పాస్టరుగారు, ప్రభువు తన తోట కోసం ఒక మంచి పువ్వు కోసుకున్నాడన్నారు. "ఆయన తోటలో పూలు నేవేటి?" అన్నాడు నాన్న, పక్కనున్న నాకు మాత్రమే వినబడేలా. ప్రార్థన చేద్దాం అన్నారు. అందరూ కళ్లు మూసుకున్నారు. నాన్న మూసుకోలేదు. తెరిచిన కళ్లతో ఒక్కొక్కరి ముఖం చూస్తూ నిలబడ్డాడు. ఆ వేళ కళ్లు తెరిచి ఉన్నది మేమిద్దరమే.

ఆ తర్వాత ఇంట్లో మొదటిసారి పొయ్యి వెలిగిన రోజు అమ్మ నలుగురికీ వడ్డించి, చేతులు కట్టుకుని ఆగింది. మా ఇంట్లో నాన్న ప్రార్థన చేశాకే ముద్ద ఎత్తడం. నాన్న అన్నంలో చెయ్యి పెట్టి కలపడం మొదలుపెట్టాడు.

"ప్రార్థన?" అంది అమ్మ.

"ఆయనకీ నాకూ మాటల్లేవు" అన్నాడు.

మా ఇంట్లో ఆ మాటకి ఒక చరిత్ర ఉంది. నా చిన్నప్పుడు మా మేనమామ పెళ్లి విషయంలో అమ్మకీ నాన్నకీ మాటలు పోయాయి. ఒకే గదిలో, మూరెడు దూరంలో ఉండి, నా ద్వారా కాపురం చేశారు. "లోయిస్, మీ అమ్మకి సెప్పు, నీళ్లు కాగబెట్టమని." "కాగబెట్టానని సెప్పు ఆ మడిసికి." చెవులారా విని కూడా నాన్న నావైపు తిరిగి, "ఏటంది?" అని అడిగేవాడు. నేను చెప్పేదాకా ఆ మాట ఆయనకి చేరనట్టే లెక్క. శామ్సన్ గాడు ఉయ్యాల్లో ఉండేవాడు అప్పుడు. ఒకసారి వాడు నవ్వితే ఇద్దరూ ఒకేసారి నవ్వేసి, మాటలు కలిసిపోయాయి. ఇప్పుడు నవ్వించడానికి వాడు లేడు.

నాన్న డాబా ఎక్కడం మానేశాడు. ప్రార్థనలో 'నువ్వు' అని పిలిచినవాడు ఇప్పుడు 'ఆయన' అంటున్నాడు, అదీ తప్పనిసరైతేనే. చర్చి నుంచి ఒకామె మొగుడి ఆపరేషనని ప్రార్థన చేయించుకోవడానికి వచ్చింది. "పాస్టరుగారి కాడికెల్లమ్మా. నా మాట సెల్లదక్కడ" అని పంపేశాడు. ఆమె వెళుతూ వెళుతూ నావైపు భయంగా చూసింది. అమ్మ మాత్రం వంటింట్లో గోడవైపు తిరిగి, పెదాలు కదిలీ కదలకుండా ప్రార్థించేది. మొగుడు గొడవపడిన ఇంటివాళ్లతో పెరటిగుమ్మంలో దొంగతనంగా మాట్లాడే ఆడమనిషిలా ఉండేది.

సౌజన్య ఒక రోజు కూరగాయలు తరుగుతూ ఉన్నట్టుండి, "మావయ్యా, ఆ రోజు నన్ను అక్కడే ఉండనిచ్చుంటే" అంది. అంతవరకే అంది. కత్తిపీట మడిచి లేచి వెళ్లిపోయింది. నాన్న ఆ సాయంత్రం దాకా కూర్చున్న చోటు నుంచి కదల్లేదు. మా ఇంట్లో ఆమె ఆ వాక్యాన్ని మళ్లీ ఎప్పుడూ పూర్తి చెయ్యలేదు. చెయ్యకపోయినా అది మా అందరి మధ్యా తిరుగుతూనే ఉంది.

సమాధి రోజు తర్వాత జగ్గారావు బాబాయి ముఖం చాటేశాడు. జూన్‌లో ఒక సాయంత్రం వచ్చాడు, మోకాలికి గుడ్డ కట్టుకుని. అమ్మ టీ పెట్టింది. ఇద్దరు ముసలివాళ్లూ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు.

"ఆడు ఆఖర్న ఏటన్నాడు?" అన్నాడు నాన్న.

"వద్దురా రత్నం."

"సెప్పు."

బాబాయి టీ గ్లాసు కింద పెట్టాడు. "నీళ్లడిగాడు. సెంచాతో పోశాను. తరవాత, పాపా ఆ గయే క్యా, అనడిగాడు. వత్తన్నాడ్రా, తోవలో ఉన్నాడు అన్నాను. మళ్లీ అడిగాడు. మళ్లీ అదే సెప్పాను. నా సెయ్యి పట్టుకున్నాడు. నీ సెయ్యే అనుకున్నాడేమో, నాను కాదననేదు." ఆయన కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. "నాను కూడా ఏటీ సెయ్యనేకపోయాన్రా."

నాన్న తన గ్లాసు కూడా పక్కన పెట్టి ఆయన్ని చూశాడు. ఏడుపు లేదు, కోపం కూడా లేదు. పొద్దు వాలిన గదిలో నాన్న గొంతు చాలా మామూలుగా వినిపించింది.

"నాకున్నది ఇద్దరు స్నేహితులు. ఒకడు నా కొడుకు సెయ్యి పట్టుకున్నాడు. ఇంకొకాయన ఆ యేళ మా ఇంట్లో కూకుని పాటలు వింటన్నాడు."

అమ్మ వంటింటి గుమ్మంలో నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

*

రుతుపవనాలు ఆ ఏడు ఆలస్యంగా వచ్చాయి. ఒక మధ్యాహ్నం బడి నుంచి వచ్చి చెప్పులు విడుస్తున్నాను, చినుకులు మొదలయ్యాయి. చూస్తుండగానే కుండపోత. వీధిలో పిల్లలు కేకలు. సింధు, "తాతా, బారిష్! బారిష్!" అని అరుస్తూ నా కాళ్ల మధ్యనుంచి దూరి డాబా మెట్లెక్కేసింది.

నాన్న కుర్చీలోంచి లేచాడు. అంత వేగంగా లేవడం నేను చూడలేదు. పంచె తట్టుకుని పడబోతూ, గోడ పట్టుకుంటూ మెట్లెక్కాడు. నేను వెనకే పరిగెత్తాను.

చివరి మెట్టు మీద ఆగిపోయాడు. అవతల డాబా, నీళ్ల ట్యాంకు, బట్టల తీగ. ఆ తీగ కింద సింధు చేతులు చాపి గుండ్రంగా తిరుగుతూ నోరు తెరిచి వాన తాగుతోంది. వాళ్ల నాన్న నవ్వే దాని ముఖం మీద ఉంది. నాన్న గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు గాని డాబా మీద అడుగు పెట్టలేదు.

"దాన్ని తీసుకురా" అన్నాడు. "తీసుకురా బేగి."

నేను వెళ్లి సింధుని ఎత్తుకొచ్చాను. అది కాళ్లు కొట్టుకుంటూ ఏడ్చింది. నాన్న దాన్ని గుండెకి అదుముకుని, తల, చేతులు, వీపు తడిమి చూశాడు. ఎక్కడా ఏమీ కాలేదని నిర్ధారించుకున్నట్టు మళ్లీ మళ్లీ తడిమాడు. తర్వాత మెట్టు మీద కూలబడ్డాడు.

"లోయిస్" అన్నాడు. నావైపు చూడలేదు. చిన్నప్పుడు అమ్మకి కబురు చెప్పమన్నప్పుడు వాడిన గొంతు అది. "ఆయన్తో సెప్పమ్మా."

నాకు మొదట అర్థం కాలేదు.

"ఈ పిల్ల జోలికి రావొద్దని సెప్పు. మాకేటీ సెయ్యక్కర్లేదు. ఇయ్యక్కర్లేదు. ఊరికే, దీని జోలికి రావొద్దని సెప్పు."

నాకూ ఆయనకీ పరిచయం లేదని మొదటే చెప్పాను. ఆయన్ని ఏమని పిలవాలో కూడా నాకు తెలియదు. అయినా వెళ్లాను. నీళ్ల ట్యాంకు దగ్గర, నాన్న రోజూ నడక మొదలుపెట్టే చోట నిలబడి తల పైకెత్తాను. కళ్లలో వాన పడుతోంది. గట్టిగానే చెప్పాను, వాన చప్పుడులో కూడా నాన్నకి వినబడేలా.

"నాన్న చెప్పమన్నారు. ఈ పిల్ల జోలికి రావొద్దట. మాకేమీ చెయ్యక్కర్లేదట."

నిలబడ్డాను. బట్టల తీగ మీదనుంచి నీళ్లు వరసగా కారుతున్నాయి. ఎక్కడో ఫ్యాక్టరీ సైరను మోగి ఆగింది. ఇంకాసేపు నిలబడి, చీర పిండుకుంటూ వెనక్కి వచ్చాను.

నాన్న తలెత్తాడు. అంతా విన్నాడు, నాలుగడుగుల దూరంలోనే ఉన్నాడు. అయినా అడిగాడు.

"ఏటన్నాడు?"

"ఏమీ అనలేదు నాన్నా."

ఆయన సింధు తలని తన పంచె చెంగుతో తుడుస్తూ, అటువైపు వానకేసి చూశాడు.

"ఇంకోపాలి సెప్పు" అన్నాడు.

నేను మళ్లీ వానలోకి వెళ్లాను.